సగం తీసిన పాతర

మొన్న ఎండాకాలంలో మా ఊరి గడ్డ మీద బడికి కొత్త గదులు కట్టడానికి పునాదులు తీస్తుంటే, రాళ్ళు తెచ్చిన ట్రాక్టరు వెనక చక్రం భూమిలోకి దిగబడింది. చక్రాన్ని పైకి లాగేసరికి అక్కడ నల్లగా నోరు తెరుచుకుని ఒక గుంత కనిపించింది. పనిచేస్తున్న కుర్రవాళ్ళు చుట్టూ మూగారు. పాతకాలం వాళ్ళు బంగారం దాచిన చోటని ఒకడన్నాడు, పెద్ద పుట్ట అని ఇంకొకడన్నాడు. చివరికి మేస్త్రి మా ఇంటికి మనిషిని పంపాడు. ఆ గుంత పూడాలంటే ఎన్ని ట్రాక్టర్ల మొరం మట్టి పడుతుందో చెప్పాలట.

ఊళ్ళో ఇలాంటి పనులకు నన్నే పిలుస్తారు. నేను బడికి పోయినదాన్ని కాదు. బావి తవ్వినవాళ్ళు తీసిన మట్టి ఎంతో, చెరువులో పూడిక ఎంత తీశారో, గడ్డివాములో ఎన్ని మోపులు ఉంటాయో కొలిచి చెప్పడం నాకు నేనే నేర్చుకున్నాను. తాడూ కర్రా తీసుకుని వెళ్ళాను. తాడు కొసకు రాయి కట్టి లోపలికి వదిలాను. మూతి మనిషి భుజాలంత వెడల్పు. లోపల కుండ పొట్టలాగా ఉబ్బి ఉంది. గోడలకు పట్టిన పొగ నలుపు ఇంకా పోలేదు.

"బంగారం లేదు, పాము లేదు. జొన్నల పాతర" అన్నాను.

"పాతరంటే ఏంది పెద్దమ్మా?" అని అడిగాడు తట్ట మోసే పిల్లవాడు.

పాతరంటే ఏమిటో చెప్పాను. మొరం లెక్క చెప్పాను. చెప్పనిది ఒకటి మిగిలింది. అది ఇంటికి వచ్చాక కూడా నన్ను వదలలేదు కనుక ఇక్కడ చెబుతున్నాను.

మా ఊరు సిద్దిపేట నుంచి కోహెడ వైపు పోయే బాటకు కొంత లోపలగా ఉంటుంది. తూర్పున చెరువు, కట్ట కింద వరి మళ్ళు. పడమట ఎర్రమట్టి చెల్కలు. అక్కడ జొన్న, కంది, ఆముదం. వాన పడితే పండుతాయి, లేకుంటే లేదు. ఈ రెండింటికీ నడుమ, చెరువు నిండి మత్తడి దూకిన ఏడు కూడా చెమ్మ తగలనంత ఎత్తులో, ఒక మొరం గడ్డ. మళ్ళున్న ఇళ్ళవాళ్ళు వడ్లను ఇంట్లోనే వెదురు గుమ్ముల్లో పోసుకునేవాళ్ళు. చెల్కలు మాత్రమే ఉన్న మా బోటి వాళ్ళు పండిన జొన్నల్ని ఆ గడ్డ మీద భూమిలో దాచుకునేవాళ్ళు. మా ఊరి చరిత్ర ఏమిటని ఎవరైనా అడిగితే నేను గుడినీ దొర గడీనీ చూపించను, ఆ గడ్డను చూపిస్తాను. ఎవరు ఏ ఏడు తిన్నారో, ఏ ఏడు పస్తులున్నారో దానికి తెలుసు.

పాతర తయారుచేయడం పెద్ద పని. తవ్విన గుంతలో ఎండు కసువు వేసి మంట పెట్టి గోడలు కాల్చేవాళ్ళు. తరువాత మట్టీ పేడా కలిపి అలికి, ఆరాక చుట్టూ జొన్న చొప్ప నిలబెట్టి, నడుమ గింజ పోసేవాళ్ళు. పైన మళ్ళీ చొప్ప, దాని మీద బండ, బండ అంచుల్లో నానబెట్టిన బంకమట్టి, అన్నిటి మీదా మొరం. పని అయ్యాక చూస్తే నేల నేలలాగే ఉండేది. ఏ పాతర ఎక్కడుందో ఆ ఇంటివాళ్ళకే గుర్తు.

పాతర గింజకు ఒక వాసన ఉంటుంది. పులిసీ పులియనట్టు, తడి మట్టిలో పొగ కలిసినట్టు. ఆ జొన్నలతో గట్క వండితే కొంచెం ఎర్రగా దిగేది. అమ్మ పచ్చిపులుసు పోసి పెట్టేది. చిన్నప్పుడు ఆ వాసనకు నేను ముక్కు మూసుకునేదాన్ని. "మూసుకో మూసుకో, పాతర ఒడిసినంక తెరుద్దువు" అనేది మా బాపమ్మ. బాపు అంటే నాన్న, బాపమ్మ ఆయన్ను కన్న తల్లి. ఆమె అన్నట్టే పాతర అడుగంటాక ఇప్పపువ్వు ఉడకబెట్టుకుని తినే రోజులొచ్చేవి. అప్పుడు ఆ వాసన కోసం ముక్కు వెతుక్కునేది.

పాతర తెరవడానికి మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. పొద్దున బండ తీసి, ఆ రోజంతా అలాగే వదిలేసేవాళ్ళు. పాతరకు ఊపిరాడాలి అనేవాళ్ళు. మరునాడు ముంతలో ఆముదం దీపం పెట్టి తాడుతో మెల్లగా లోపలికి దింపేవాళ్ళు. దీపం నిలబడితే మనిషి దిగుతాడు. ఆరిపోతే లోపల చెడుగాలి ఉన్నట్టు, ఇంకో పూట ఆగాలి. మా ఇంట్లో ఆ ముంత పట్టుకునేది బాపమ్మే. అది దిగుతున్నంత సేపూ ఎవరినీ మాట్లాడనిచ్చేది కాదు. ఈ పద్ధతి మొదటిసారి తెరిచినప్పటికే. ఒకసారి తెరిచి సగం గింజ తీసిన పాతరకు మళ్ళీ దీపం పెట్టడం ఎవరికీ అలవాటు లేదు. దానికి ఊపిరాడిందనే లెక్క. ఊరంతటికీ అదే లెక్క.

దిగేది మా కాక. బాపుకు తమ్ముడు. ఇంకా పెళ్ళి కాలేదు, సన్నగా ఉండేవాడు. మూతిలోంచి చేపలాగా జారిపోయేవాడు. బాపు భుజాలు వెడల్పు, ఒక భుజం ముందు దించి, తరువాత రెండోది దించి, తిట్టుకుంటూ దిగాలి. అందుకని కాక లోపల గంప నింపడం, బాపు పైనుంచి తాడుతో గుంజడం. నా పని పైకొచ్చిన గంపల్ని లెక్కపెట్టడం. ఆ పని నాకెవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను. అందుకే కాక నన్ను పట్వారీ అని పిలిచేవాడు.

"పట్వారీ, ఎన్నయినయే? పన్నెండా?" అని లోపలినుంచి అరిచేవాడు. గొంతు కుండలోంచి వచ్చినట్టుండేది.

"కాదు, అయిదే!"

"ఏడు నువ్వు మింగినవన్నట్టు. అన్నా, పట్వారి ఒళ్ళె జూడుండ్రి, లంచం దొరుకుతది."

నిజంగానే నా ఒడిలో పిడికెడు జొన్నలుండేవి. పేలాలు వేయించుకుందామని దాచుకున్నవి. బాపు నవ్వాపుకుని కోపంగా చూసేవాడు. బాపు నవ్విన ముఖం నాకు గుర్తున్నది అక్కడిదే, ఆ గడ్డ మీదిదే.

ఖాళీ పాతరల్లో మేం పిల్లలం తల దూర్చి పేర్లు పెట్టి పిలిచేవాళ్ళం. పిలిచిన పేరు లావుగా తిరిగి వచ్చేది. ఒకసారి కాక ముందే లోపల దాక్కుని, నేను నా పేరు పిలవగానే "ఏందే?" అన్నాడు. ఇంటిదాకా ఏడుస్తూ పరుగెత్తాను. ఆ రోజు బాపమ్మ కాకను చీపురు పట్టుకుని వాకిలి చుట్టూ తరిమింది. చిన్నకొడుకంటే ఆమెకు ప్రాణమని ఊరందరికీ తెలుసు. తరిమేటప్పుడు కూడా చీపురు మెత్తటి వైపే అతనికి తగిలేలా పట్టుకునేది.

అది నిజాం ఏలుబడి చివరి కాలం. లెవీ అని ఒకటి వచ్చింది. ఇంత భూమికి ఇంత గింజ సర్కారుకు కొలవాలి, వాళ్ళిచ్చిన ధరే తీసుకోవాలి. యుద్ధం వల్ల అని పెద్దవాళ్ళు అనుకునేవాళ్ళు. ఎవరి యుద్ధమో, ఎక్కడ జరుగుతున్నదో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ ఏడు పంట సగమే పండింది, కొలవాల్సింది మాత్రం తగ్గలేదు. కొలిచాక మిగిలింది పాతరలో పోసి, చలికాలం పోయాక తెరిచి, సగం తీసుకుని మళ్ళీ మూశాం. మిగతా సగం వానలు పడి మళ్ళీ చేతికి గింజ వచ్చేదాకా ఇంటిల్లిపాదికీ ఆధారం. అమ్మ అప్పటికే గట్క మానేసి అంబలి కాచడం మొదలుపెట్టింది. అంబలిలో నీళ్ళు ఎక్కువవుతున్నాయని నాకు గిన్నె అడుగు కనపడటాన్ని బట్టి తెలిసేది.

ఎండలు ముదిరాక ఒక అకాల వాన పడింది. పిల్లలం తడుస్తూ గంతులేశాం. ఆ వాన మా పాతరకు ఏం చేసిందో ఎవరూ ఆలోచించలేదు. రెండోసారి మూసినప్పుడు బండ అంచులకు బంకమట్టి పెట్టలేదు. కొద్ది రోజులకే మళ్ళీ తెరిచేది కదా అని మొరం కప్పి వదిలేశారు.

వాన పడిన కొన్నాళ్ళకు ఒక ఉదయం మా మేనత్త కొడుకు పక్క ఊరినుంచి పరుగెత్తుకొచ్చాడు. లెవీ వాళ్ళు మళ్ళీ వచ్చారనీ, ఇనుప చువ్వలతో నేల పొడిచి పాతరలు వెతుకుతున్నారనీ, పొద్దెక్కేసరికి మా ఊరికి వస్తారనీ చెప్పాడు.

బాపు కూర్చున్నచోటు నుంచి లేచాడు. "తమ్మీ, తాడు తియ్యిరా. ఉన్నకాడికి తీసి చొప్పల కప్పెడుదాం."

"దీపం తీస్కొస్త, ఆగుండ్రి" అన్నది బాపమ్మ.

"మొన్న తీసిన పాతరకు దీపమేందవ్వా? వాళ్ళొచ్చి మూతి కాడ కూసుంటే అప్పుడు పెడుదువు దీపం."

"నేనొచ్చేదాంక ఆగితే ఏం పోతదిరా?"

"గింజలు పోతయి" అన్నాడు బాపు.

బాపు, కాక, నేను గడ్డ మీదికి వెళ్ళాం. బండ జరపగానే వాసన వచ్చింది. ఎప్పటి వాసన కాదు, కల్లు కుండ దగ్గర వచ్చేలాంటిది. కాక ముఖం పక్కకు తిప్పుకుని, "అన్నా, పాతర తాగి పన్నది" అన్నాడు. బాపు నవ్వలేదు. బాట వైపే చూస్తున్నాడు. కాక మూతిలోంచి జారిపోయాడు. కొంచెం సేపటికి గంప కదిలింది. బాపు గుంజాడు. గంపలో పైన గింజ మామూలుగానే ఉంది, అడుగున తడిసి మొలక వచ్చింది.

"పట్వారీ! పది!" అని లోపలినుంచి కాక కేక.

"ఒకటే!" అన్నాను.

ఖాళీ గంప కిందికి పోయింది. బాపు తాడు పట్టుకుని నిలబడ్డాడు. తాడు కదల్లేదు.

"ఏందిరా, నిద్రపట్టిందా లోపల?"

జవాబు లేదు.

"తమ్మీ. ఆటలాడకు. వాళ్ళొస్తున్నరు."

నేను కూడా కాక దాక్కున్నాడనే అనుకున్నాను. బాపు మోకాళ్ళ మీద వంగి చూశాడు. చూసి, ఒక్క అరుపు అరిచాడు. ఆ అరుపులో మాట లేదు. తలపాగా విసిరేసి కాళ్ళు మూతిలో పెట్టాడు.

అప్పుడే బాపమ్మ గడ్డ ఎక్కి వస్తోంది. కొంగు అడ్డం పెట్టుకుని, దీపం ఆరకుండా, మెల్లగా. మమ్మల్ని చూసిందో లేదో ముంత చేతిలోంచి జారింది. మొరం మీద ఆముదం పారింది. ఆమె వచ్చి వెనకనుంచి బాపు నడుముకు రెండు చేతులూ చుట్టి నేల మీద కూలబడింది.

"దిగకురా! దిగితే నువ్వు గూడ రావు!"

"ఇడువవ్వా! తమ్ముడే!"

"నాకు తెల్వదారా వాడెవడో? నేను గన్నోడు. ఇడువ. సచ్చినా ఇడువ."

బాపు ముందుకు గుంజుతున్నాడు, బాపమ్మ వెనక్కు పడుతోంది. నేను ఊరివైపు పరుగెత్తి అరిచాను. జనం వచ్చారు. ఒక ముసలాయన వేపకొమ్మలు మోపుగా కట్టించి తాడుతో లోపలికి దించి పైకీ కిందికీ ఆడించాడు. ఇద్దరు గొంగళ్ళతో విసిరారు. ఎవరింటినుంచో దీపం తెచ్చి దించితే ఆరిపోయింది. ఇంకోసారి దించితే కూడా ఆరిపోయింది. అది ఆరిన ప్రతిసారీ బాపమ్మ కళ్ళు మూసుకుంది. చివరికి దీపం నిలిచాక, ఒకతను నడుముకు మోకు కట్టుకుని దిగి కాకను పైకి పంపాడు. ముఖం మీద ఏ దెబ్బా లేదు. వెంట్రుకల్లో, కనురెప్పల్లో జొన్నగింజలు అంటుకుని ఉన్నాయి. బాపమ్మ వాటిని ఒక్కొక్కటే ఏరి తీసింది. తీసినవాటిని పారేయలేదు, గంపలో వేసింది.

లెవీ వాళ్ళు ఆ రోజు రాలేదు. మరునాడూ రాలేదు. పక్క ఊరినుంచి అటే కోహెడ వైపు పోయారని తరువాత తెలిసింది.

ఆ పాతరలో గింజను ఏం చేయాలన్నది ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. బాపమ్మే మనుషులను పెట్టి తీయించింది, కడిగి ఎండబెట్టింది, అమ్మతో తిరగలిలో విసిరించింది. అమ్మ ఏడుస్తూ విసిరింది. గట్క వండి మా ముందు పెట్టి, "తినుండ్రి. గీ గింజల కోసమే వాడు దిగింది" అన్నది. మేం తిన్నాం. ఆకలి అట్లాంటిది. బాపు గిన్నె ముందునుంచి లేచి బయటికి వెళ్ళిపోయాడు.

ఆ తరువాత బాపు తన తల్లితో మాట్లాడటం మానేశాడు. తిట్టలేదు, పోట్లాడలేదు. ఒకే ఇంట్లో ఉంటూ, "మీ బాపమ్మను తినమను", "మీ బాపమ్మకు గొంగడి కప్పు" అని నాతోనే చెప్పించేవాడు. ఆమె ఎదురుగా వస్తే తల దించుకుని పక్కకు తప్పుకునేవాడు.

బాపమ్మ మాత్రం ఆ సంగతిని ఎవరు అడిగినా, అడగకపోయినా చెప్పేది. బావి దగ్గర, కళ్ళంలో, సిద్దిపేట అంగడికి పోయే బండిలో. "పెద్దోడు ఎద్దు గుంజినట్టు గుంజిండు. నా చేతుల తోలు లేసిపోయింది. అయినా ఇడువలే."

"లోపలున్నది నీ కొడుకే గదా అత్తా. చేతులెట్లొచ్చినయి?" అని బావి దగ్గర ఒకామె ముఖం మీదే అడిగింది.

"వచ్చినయి" అన్నది బాపమ్మ. "వాడు దిగుతనే అన్నడు. నేనే దిగనియ్యలే. రాసుకో."

గుండె రాయి చేసుకున్న మనిషని ఊళ్ళో పేరు పడింది. కొందరు ఆడవాళ్ళు ఆమె వస్తే బిందె తీసుకుని పక్కకు జరిగేవాళ్ళు. ఆమె ఆ మాట చెప్పడం మాత్రం మానలేదు. బాపు వింటున్నప్పుడు ఇంకా గట్టిగా చెప్పేది. కరువు పడిన ఒక ఏడు ఆమె చనిపోయింది. బాపు చేయాల్సినవన్నీ సరిగ్గా చేశాడు. ఆమె బతికుండగా మళ్ళీ మాట్లాడలేదు.

తమ్ముణ్ణి కాపాడుకోనివ్వలేదని బాపుకు ఆమె మీద కోపమని నేను అనుకున్నాను. ఊరూ అదే అనుకుంది. నాకు లెక్క పట్టుకున్నది అక్కడే. ఆ క్షణంలో బాపు దిగి ఉంటే కాక బతికేవాడా? చింతగింజలు నేల మీద పరిచి మొదలుపెట్టాను. తరువాత కుండల్లో నీళ్ళు పోసి, పొట్ట ఎంత, మూతి ఎంత, ఎంత గింజ పోతే ఎంత ఖాళీ మిగులుతుందో కొలిచాను. ఒక్క గంప నింపేలోపే కాక పడిపోయాడు. మూతిలోంచి ఒక్క మనిషే పడతాడు. ఉన్నది ఒక్క తాడు, అది గంపకు కట్టి ఉంది. స్పృహలేని మనిషిని కిందినుంచి మూతిదాకా ఎత్తాలంటే ఎంతసేపు పడుతుంది? ఏళ్ళ తరబడి ఎన్ని విధాల కట్టినా ఒకటే తేలింది. దిగితే ఇద్దరూ పోయేవాళ్ళు. ఆ లెక్కలో తప్పు కోసం చాలా వెతికాను, దొరకలేదు.

బాపు ముసలివాడయ్యాక ఒక సాయంత్రం వాకిట్లో తాడు పేనుతుంటే పక్కన కూర్చుని చెప్పాను. చెబితే అతని మనసు తేలికపడుతుందనుకున్నాను.

"బాపూ, ఆ రోజు నువ్వు దిగినా కాక బతికేటోడు కాదు. నేను లెక్క కట్టిన. బాపమ్మ పట్టుకున్నదే మంచిదైంది."

బాపు పురి ఎక్కించడం ఆపలేదు. ఎక్కిస్తూనే అన్నాడు.

"నీ లెక్క కరెక్టే ఉంటది బిడ్డా. నాకు గప్పుడే తెలుసు."

"మరి బాపమ్మతో ఎందుకు మాట్లాడలే?"

అతని చేతులు ఆగాయి.

"ముసలి పానం. ఆ చేతులల్ల బలమెంతుంటది? ఒక్కసారి ఇదిలిస్తే ఊడిపోవా? నేను ఇదిలియ్యలే." తాడు వైపే చూస్తూ చెప్పాడు. "ఇడువు ఇడువు అని నోటితోనే అన్న. ఆమె పట్టుకోంగనే నా పానం కుదుటపడ్డది బిడ్డా. లోపల తమ్ముడున్నడు, నా పానం కుదుటపడ్డది. గది ఆమెకెరుకే. నడుం పట్టుకున్న మనిషికి ఎరుక గాదా? అయినా గుంజిండు, ఎద్దు లెక్క గుంజిండు అని ఊరూరు తిరిగి చెప్పింది. నా ముంగట గూడ చెప్పింది. ఇగ ఆమె మొకం ఎట్ల సూద్దు?"

మళ్ళీ తాడు అందుకున్నాడు. నేను లేచి లోపలికి వచ్చాను.

బాపు పోయి కూడా చాలా కాలమైంది. ఆ ఉదయం గడ్డ మీద వాళ్ళిద్దరి పక్కన నిలబడి ఉన్నది నేనొక్కదాన్నే. ఎప్పుడు తలచుకున్నా బాపు ముందుకు గుంజుతున్నట్టే, బాపమ్మ చేతుల తోలు లేచిపోతున్నట్టే స్పష్టంగా కనపడుతుంది. కళ్ళారా చూసిందేనని ఒట్టు కూడా పెట్టగలను. కానీ ఆ చేతులకు నూనె రాసింది నేనే, కాక దినాలు అయ్యేదాకా ఆమె పక్కన పడుకున్నదీ నేనే. వాటి మీద ఒక్క గీత కూడా లేదు.